రెండు మూతల డబ్బీ

రత్నాబాయి తంబాకు డబ్బీకి రెండు వైపులా మూతలు. పెద్ద మూత తీస్తే తంబాకు, తిరగేసి చిన్న మూత తీస్తే సున్నం. ఇత్తడి డబ్బీ, గుప్పెట మూస్తే బయటికి కనపడదు. పనివాడి కష్టం తెలిసినవాడెవడో చేసుంటాడు. రత్నాబాయి భర్త తుకారాం పరంజా మీద ఒక చేత్తో వెదురు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో దాని మూత లేపేవాడట. అట్లా లేపీ లేపీ పెద్ద మూత అంచున వేలు పట్టేంత నొక్కు పడింది. ఆయన పోయాక డబ్బీ రత్నాబాయి నడుముకు చేరింది. ఆ నొక్కులో ఆమె వేలు కుదురుకుంది.

ఆ డబ్బీని కోడలు సారిక దొంగిలించింది.

మాట మోటుగానే ఉంది. సారిక మాత్రం చాలా రోజులు దీన్ని మెత్తటి మాటల్లోనే చెప్పుకుంది. 'తీసి దాచాను' అనుకుంది. 'ముసలామె మంచికే' అనుకుంది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. రత్నాబాయి దవడ లోపల తెల్లమచ్చ లేచింది. మున్సిపాలిటీ దవాఖానాలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "ఆజీ, తంబాకు ఇవాళే బంద్" అని గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చాక సారిక భర్త శైలేష్ నీళ్లు నమిలాడు.

"ముసలిదానికి ఇంకేమున్నది సుఖం? ఉండనియ్," అన్నాడు తల్లికి వినపడకుండా.

సారిక అప్పటికి ఊరుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా దిండు కింద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వెళ్లింది తెల్లమచ్చ కోసం కాదు. ఆ సంగతి ఆ చేతికి తెలుసు.

సారిక ధారావిలో పుట్టింది. బళ్లో ఉండగా డ్రాయింగ్ పరీక్షలో 'ఏ' గ్రేడు తెచ్చుకుంది. పదో తరగతి కాగానే కామాఠీపురాకు కోడలుగా వచ్చింది. చాల్ అనే పాత మేడలో ఒంటిగది ఖోలీ. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, మూలన గిన్నెలకూ స్నానాలకూ ఒకే మోరీ. మిగిలిన నేల మీద పడుకుంటే ఒకరి కాళ్లు ఒకరికి తగులుతాయి. అలాంటి చోట డ్రాయింగ్ షీటు పరవాలంటే ఇంట్లో ఎవరో ఒకరిని లేచి నిలబడమనాలి. పెళ్లయిన నాటి నుంచి సారిక ఎవరినీ లేవమనలేదు.

ఇప్పుడామె ఒక పెద్ద ప్రైవేటు బళ్లో మావ్షీ. ఊడవడం, తుడవడం, డ్రాయింగ్ గదిలో పిల్లలు వదిలేసిన కుంచెలూ పళ్లేలూ కడగడం ఆమె పని. ఒకరోజు ఒక పిల్ల విదేశం నుంచి వచ్చిన రంగుల పెట్టె బల్ల మీద తెరిచింది. చిన్న రేకు పెట్టె. లోపల ఎండిన రంగుల బిళ్లలు, కురచ కుంచె, మూతే పళ్లెం. బల్ల అక్కర్లేదు, గది అక్కర్లేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడే బొమ్మ. సారిక చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ధర అడగలేదు. ఆ పిల్ల బూట్లు చూస్తేనే తెలుస్తోంది.

కొనలేనిది చేసుకుంటే ఏం, అనుకుంది. టీచరమ్మను అడిగితే అడుగంటిన ట్యూబులు తీసుకొమ్మంది. వాటిని కత్తెరతో చీల్చి గోరుతో గీకితే ఒక్కోదాంట్లో ఇంకాస్త రంగు దొరికేది. అత్త బీపీ గోళీల ఖాళీ పత్తా కత్తిరించి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు నింపింది. ఉత్త రంగు ఎండితే పెంకులై లేచిపోయింది. నానబెట్టిన తుమ్మబంక, ఒక చుక్క గ్లిజరిన్ కలిపితే నిలబడింది. ఎవరో పారేసిన కుంచె కాడ విరిచి పెన్ను క్యాపు తొడిగింది. నీళ్లకు కంటిమందు సీసా. కాగితానికి పెళ్లి కార్డుల వెనక అట్ట. అన్నీ కుదిరాయి, పెట్టె ఒక్కటి కుదర్లేదు. కంపాస్ పెట్టె పొడుగైంది. సబ్బు పెట్టె మూత ఆగలేదు. ఇంట్లో చూస్తే పొద్దునా మాపూ ఆ ఇత్తడి మూతలు టక్, టక్ మంటూనే ఉండేవి. డాక్టరమ్మ మాట సారికకు సాకై దొరికింది.

డబ్బీని చింతపండుతో తోమింది. పెద్ద మూత లోపల తెల్ల నెయిల్ పాలిష్ పూస్తే రంగులు కలుపుకునే పళ్లెం అయింది. తంబాకు అరలో గోళీల గుంటలు వరసగా అతికించింది. సున్నం అర నిండా నీలం పోసింది. ముంబైలో ఏ కప్పు చూసినా నీలం టార్పాలినే కదా, నీలం ఎక్కువ కావాలి. బిల్డరు వచ్చి చాల్ కూలగొట్టేలోగా ఖోలీల ముందరి ఈ గ్యాలరీ, ఈ కర్ర కటకటాలు, ఆరేసిన చీరలు అన్నీ గీయాలని ఆమె కోరిక.

బడి నుంచి రైల్లో వస్తూ గ్రాంట్ రోడ్‌లో దిగి, ప్లాట్‌ఫారం కొసన బెంచీ మీద కూర్చునేది. అరచేతిలో డబ్బీ, మోకాలి మీద పెళ్లి కార్డు. మొదటిరోజు చేపల బుట్ట పక్కన కునుకుతున్న ఒక ఆడమనిషిని వేసింది. ఆ కాసేపు సారికను ఎవరూ లేవమనలేదు.

బడి గేటు దగ్గర సాయంత్రం మావ్షీల సంచులు తెరిపించి చూస్తారు. టీచర్లవి చూడరు. డబ్బీ చూసి వాచ్‌మన్ ఇకిలించాడు. "క్యా మావ్షీ, తంబాకు షురూ?" అన్నాడు. ఏమీ తీయకపోయినా సంచి తెరిచి పట్టుకున్న ప్రతిసారీ సారిక తల దించుకునేది. తీసిన వస్తువుతో అదే గేటు దాటుతుంటే మాత్రం నవ్వొచ్చింది. ఇది నా ఇంటిదే కదా అనుకుంది.

ఇంట్లో రత్నాబాయి వెతుకుతోంది. చూపు మందగించిన మనిషి, చేతులతో వెతుకుతుంది. దిండు కింద, బొంత మడతల్లో, మంచం పట్టీ పొడుగునా తడిమి తడిమి మళ్లీ దిండు దగ్గరికే వస్తుంది.

"సారికా, నా డబ్బీ యాడ పెట్టినవే?"

"నాకేం ఎర్క అత్తా? ఆడనే ఉంటది, సూడు."

ఆ అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు సారికే ఆశ్చర్యపోయింది.

అదే చాల్‌లో మెట్ల కింది ఖోలీలో చంద్రమ్మ, నర్సింహులు ఉంటారు. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగ్ పనులు చేసుకునేవాళ్లు. మోకాలి మీద సిమెంటు బస్తా పడ్డప్పటి నుంచి చంద్రమ్మ పనికి పోవడం లేదు. మెల్లగా మెట్లెక్కి వచ్చి రత్నాబాయి దగ్గర కూర్చునేది. తల దువ్వేది. మోరీ దాకా పట్టుకుని నడిపించేది. సారిక బడికి పోయినంతసేపూ ముసలామెకు దిక్కు ఆమే. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ఆమె చేతిలో ఏమీ పెట్టలేదు. ఇద్దరూ ఒకే డబ్బీలో తంబాకు పంచుకుంటూ పాలమూరు ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. రత్నాబాయి కంటితో చూడని నేల అది, ఆమె ముత్తాతది.

చాల్‌లో అందరూ వాళ్లను 'పాలమూరోళ్లు' అంటారు. అనేవాళ్ల ముత్తాతలు కూడా ఆ దిక్కు నుంచే ఈ నగరానికి రాయి మోయడానికి వచ్చారు. కాని ముందు బండి దిగినవాడి కంటికి వెనక బండి దిగినవాడే కూలివాడు.

"చంద్రీ, నువ్వేమన్న తీసినవా నా డబ్బీ?" అని రత్నాబాయి మొదట ఆటకే అడిగింది.

"నేనేం జేసుకుంట అవ్వా? నా తంబాకు గూడ అండ్లనే పాయె! ఇద్దరం మునిగినం," అని చంద్రమ్మ పకపకా నవ్వింది.

పక్క ఖోలీ కవితకు ఆ నవ్వు వినపడలేదు, ప్రశ్న మాత్రం వినపడింది. సాయంత్రానికి అది ప్రశ్న కాకుండా పోయింది.

సారిక బడి నుంచి వచ్చేసరికి గ్యాలరీ నిండా మనుషులు. నడుమ చంద్రమ్మ, ఆమె ముందు బట్టల మూట.

"తీయలేదంటవ్ గదా, మరి ఇప్పి సూపియ్. డరేదేముంది?" అంటోంది కవిత. "లేకుంటే పోలీస్ చౌకీ ఎంత దూరమున్నది?"

నర్సింహులు పని మీద ఉన్నాడు. చంద్రమ్మ ముడి విప్పింది. చీరలు, మొగుడి అంగీ, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డులు, జొన్నపిండి పొట్లం, ఊరి పోచమ్మ పసుపు, మోకాలికి చుట్టుకునే పట్టీ, లోపలి బట్టలు. మగవాళ్లు కటకటాలకు ఆనుకుని చూస్తున్నారు. కవిత ఒక్కో బట్టా ఎత్తి దులిపింది.

డబ్బీ సారిక భుజాన సంచిలో ఉంది. ఆమె సంచిని డొక్కకు అదుముకుని నిలబడింది.

దొరకలేదు. దొరకనంత మాత్రాన తేలిపోతుందా? దొరికితే దొంగ, దొరక్కపోతే తెలివైన దొంగ. "చోర్ బజార్ ఎంత దూరమని? ఎప్పుడో అమ్మేసింటది," అంది కవిత.

చంద్రమ్మ తలెత్తి చూసింది. కనపడింది సారిక. "నువ్వన్న జెప్పు చెల్లె. నేనసొంటిదాన్నా?"

ఒక్క మాట చాలు. సంచి జిప్పు లాగితే చాలు. సారిక నోరు తెరిచింది. వచ్చిన మాట ఇది: "జానే దో కవితా. పోనియ్ ఇగ."

ఏ తప్పూ చేయని మనిషిని క్షమించినట్టుంది ఆ మాట. అంతకంటే ఊరుకున్నా బాగుండేది. చంద్రమ్మ ఆమె వంక ఇంకాసేపు చూసి, బట్టలన్నీ పోగేసుకుని, ఒక్కతే ముడేసుకుని, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగింది. రోజూ గేటు దగ్గర సంచి తెరిచే మనిషి సారిక. అలా తెరిచి చూపడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే వేరు.

ఆ తర్వాత చంద్రమ్మ పైకి రాలేదు.

సారిక నాగ్‌పాడాలో ఒక దుకాణంలో కొత్త డబ్బీ కొంది, రెండు మూతలదే. మంచం కింద దొరికిందని చెప్పి అత్త చేతిలో పెట్టింది. రత్నాబాయి మొహం వెలిగింది. బొటనవేలు మూత అంచున తిరిగింది, ఆగలేదు, ఇంకో చుట్టు తిరిగింది.

"గిది నాది గాదు," అని పక్కన పెట్టేసింది. "చంద్రి ఎందుకొస్తలేదే?"

"నువ్వే గద దొంగ అన్నవ్."

"నేను అడిగిన. అన్నది మీరు."

సారిక కొత్త డబ్బీని తీసి ట్రంకు మీద పెట్టింది. పగలు ముసలామెను ఒక్కదాన్నే వదిలి గడియ పెట్టి పోవలసి వస్తోంది. ఒకరోజు వచ్చేసరికి రత్నాబాయి మోరీలో తడి నేల మీద కూర్చుని ఉంది. జారిపడలేదట, కూర్చుంటే లేవరాలేదట. చీర కుచ్చిళ్లు నానిపోయాయి. ఎంతసేపైందో ఆమెకే తెలియదు. "చంద్రి ఉంటే లేపుతుండె," అంది, నిష్ఠూరంగా కాదు, వాన పడుతోంది అన్నంత మామూలుగా. సారిక ఆ రోజు అన్నం పళ్లెం పక్కన పెట్టేసింది.

డబ్బీలోంచి రంగులు పెకలించి, కడిగి, ట్రంకు వెనక పడేస్తే? దొరికినట్టు దొరుకుతుంది, చంద్రమ్మ మీద మాట పోతుంది. తన పేరూ బయటికి రాదు. శైలేష్‌ను మాట వరసకు కదిపి చూసింది.

"ఒకవేళ అత్త డబ్బీ ఇంట్లనే యాడనన్న దొరికిందనుకో..."

"దొరికితే ఏమైతది? చంద్రి డరి తెచ్చి పెట్టింది అంటరు. కవిత నోరు నీకెర్క లేదా?" శైలేష్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

నిజమే. కూలిమనిషి మీద పడ్డ మాట డబ్బీ దొరికితే పోయేది కాదు. దొంగ దొరికితేనే పోతుంది.

మర్నాడు గ్రాంట్ రోడ్ బెంచీ మీద డబ్బీ తెరిచింది. ఎదురు కప్పు మీది టార్పాలిన్ వేద్దామని చిన్న మూత తీస్తే నీలం లేదు. అంచు పొడుగునా రంగు తిరిగి, ముద్దంతా తుప్పు పట్టినట్టు గోధుమరంగులోకి దిగింది. ఎంత తోమినా మడతలో సున్నం మిగిలే ఉంది. అది నీలాన్ని తినేసింది. కుంచె ముంచి అట్ట మీద రాస్తే తంబాకు ఉమ్మి చారలా పడింది. ఆమె ఆ కార్డు చింపలేదు, పారేయలేదు. ఒళ్లో పెట్టుకుని రైళ్లు పోతుంటే కూర్చుంది. దొంగతనం చేసి చేసుకున్న వస్తువు కూడా తనది కాలేదు. అయినా ఇప్పుడు ఏడవాల్సింది నీలం గురించా? ఆ ఆలోచన రాగానే తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికొస్తే మెట్ల కింద నర్సింహులు గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నాడు. "ఆదివారం పోతున్నమమ్మా. ధారావిల ఖోలీ దొరికింది," అన్నాడు. చంద్రమ్మ లోపలే ఉంది, బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున నల్లా నీళ్లు రాకముందే సారిక అత్త మంచం అంచున కూర్చుని డబ్బీ ఆమె చేతిలో పెట్టింది. బొటనవేలు సరాసరి నొక్కులో పడింది. రత్నాబాయి గుండెల మీద పెట్టుకుంది. తర్వాత మూత తీసి వాసన చూసింది.

"ఏం పోసినవే ఇండ్ల?"

"రంగులు అత్తా. బొమ్మలు ఏసుకునేతందుకు. నేనే తీసిన."

రత్నాబాయి మూత మళ్లీ మూసింది. శైలేష్ పళ్లపొడి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. తిడుతుందేమోనని సారిక ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"మరి చంద్రి?" అంది రత్నాబాయి.

అంతే. సారిక లేచి, అత్త చేతిలోంచి డబ్బీ తీసుకుంది.

"యాడికి?" అన్నాడు శైలేష్. "ఇంట్ల జెప్పినవ్, చాలు. బయట ఎందుకు ఇజ్జత్ తీస్కుంటవ్?"

"చంద్రక్కది ఇంట్లనే తీసినమా?" అంది సారిక, గడప దాటుతూ.

నల్లా వచ్చింది. గ్యాలరీలో బకెట్లు వరస కట్టాయి. సారిక అందరి నడుమకు పోయి డబ్బీ రెండు మూతలూ తెరిచి పట్టుకుంది.

"అత్త డబ్బీ. నేను తీసిన. చంద్రక్క తీయలే. ఆ దినం మూట ఇప్పిచ్చినప్పుడు గూడ నా సంచిలనే ఉండె."

మాటలు గ్యాలరీ కొసదాకా వినపడ్డాయి. ఎవరి బకెట్టో నిండి పొర్లింది. కవిత ఒక్క క్షణం తడబడి, ఫక్కున నవ్వేసింది.

"అరె దేవా! ఇంటిది ఇంట్లనే ఉండెనా? జావూ దే వైనీ, ఝాలా తే ఝాలా. అయిందేదో అయింది, పోనియ్."

ఇంకొకామె డబ్బీ అందుకుని తిప్పి చూసింది. "గోళీల పత్తాల రంగులు పోసినవా? ఎంత మంచిగ జేసినవ్! మా రుతుజకొకటి జేసియ్ గద." అటు నుంచి ఇటు డబ్బీ చేతులు మారింది. వేలు తడిపి రంగు అద్దుకుని చూసేవాళ్లు కొందరు, ఫోటో తీసేవాళ్లు కొందరు. చంద్రమ్మ దొంగ అనుకున్నప్పుడు పోలీసు చౌకీ మాట వచ్చింది. కోడలు దొంగ అని తేలేసరికి అది చేతిపని అయి కూర్చుంది. సారిక చెంపలు మండాయి. ఎవరైనా కొట్టినా ఇంత మండేవి కావు.

"చంద్రక్కకు ఎవరు జెప్తరు?" అని అడిగింది.

అందరి కళ్లూ డబ్బీ మీదే. చెప్పనక్కర్లేకపోయింది. మెట్ల మీద చంద్రమ్మ నిలబడి ఉంది, నెత్తి మీద మూటతో. ఎప్పటి నుంచి ఉందో. ఒక్కో మెట్టు మీద మోకాలికి ఊపిరి పోస్తూ పైకి వచ్చింది. బకెట్ల నడుమ దారి దానంతటదే అయింది. మూట దించి సారిక కాళ్ల ముందు పెట్టింది. వంగి ముడి విప్పింది. తడి నేల మీద బట్టలు పరుచుకున్నాయి.

"ఆ దినం నేనే ఇప్పిన, నేనే గట్టుకున్న," అంది, గొంతు పెంచకుండా. "ఇయ్యాల నువ్వు గట్టు."

సారిక కింద కూర్చుంది. చీరలు మడిచింది. నర్సింహులు అంగీ మడిచింది. ఆధార్ కార్డుల కవరు తుడిచి బట్టల నడుమ పెట్టింది. పోచమ్మ పసుపు పొట్లం చెదరకుండా పైన పెట్టింది. లోపలి బట్టలే మిగిలాయి. అవీ మడిచింది. కవిత తన బకెట్టులోకి చూస్తోంది, అందులో ఏదో పడినట్టు. కటకటాలకు ఆనుకున్న మగవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు.

లోపలి నుంచి రత్నాబాయి గొంతు వినపడింది. "చంద్రీ, వచ్చినవా?"

"వచ్చిన అవ్వా. పోతున్న."

"జర తంబాకు పెట్టిపోవే."

"డబ్బీ నీ కోడలు తాననే ఉన్నది. అడుగు," అంది చంద్రమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో సారికకు తెలియలేదు. ఉండకపోతే ఇంకా కష్టం.

నాలుగు కొసలూ పట్టి సారిక ముడేసింది. ఎత్తి ఇవ్వబోయింది. చంద్రమ్మ అందుకోలేదు. ముడిని వేలితో కదిపి చూసింది.

"గట్టిగ గట్టు," అంది. "తొవ్వల ఊడితె మల్ల అందరు జూస్తరు."

సారిక ముడి విప్పి, మళ్లీ కట్టడం మొదలుపెట్టింది.